సుగ్గికి పోయిన గర్భిణిని పరీక్షించేదెవరు?

కర్నూలు జిల్లా పశ్చిమాన కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో ఖరీఫ్ పంట ఇంటికి చేరాక కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి, అంటే కూలి పనుల కోసం వలసకు, బయలుదేరి గుంటూరు వైపు పత్తి, మిరప చేలకు చేరుకుంటాయి. ఆ గుంపుల్లో నెల తప్పిన ఆడపిల్లలూ ఉంటారు. గర్భిణుల వైద్య పరీక్షల గురించి మనం చెప్పుకునే లెక్కలు వీరి దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో గర్భధారణ, ప్రసవ సంబంధ కారణాలతో దాదాపు 2,60,000 మంది స్త్రీలు మరణించారు. వారిలో 90 శాతానికి పైగా పేద, దిగువ మధ్యాదాయ దేశాల వారే. గర్భిణిని కనీసం ఎనిమిది సార్లు, అందులో మొదటిసారి 12 వారాల లోపే పరీక్షించాలని ఆ సంస్థ 2016లో సూచించింది. మన దేశంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆసుపత్రి కాన్పులు 89 శాతానికి చేరాయి గానీ, నాలుగు పరీక్షలైనా జరిగినవారు 58 శాతమే, ఐరన్ మాత్రలను 180 రోజులు వాడినవారు 26 శాతమే. 2005లో మొదలైన జననీ సురక్షా యోజన కాన్పును ఆసుపత్రికి తేవడంపైనే ప్రధానంగా దృష్టి పెట్టింది. కాన్పు ఒక్కరోజు పని కాబట్టి వాహనంతో, నగదుతో దాన్ని సాధించవచ్చు. తొమ్మిది నెలల పర్యవేక్షణకు మాత్రం ఆ స్త్రీని ఎరిగిన మనిషి కావాలి.

ఆ మనిషి మా పల్లెల్లో ఏఎన్ఎం (ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన నర్సు), ఆశా కార్యకర్త. తల్లీబిడ్డ కార్డులో బరువు, రక్తపోటు, హిమోగ్లోబిన్ గడులను వరుసగా చూస్తేనే ఏదైనా అర్థమవుతుంది. నాలుగో నెలలో 110/70 ఉన్న రక్తపోటు ఏడో నెలలో 140/90కి చేరి, కాళ్లవాపు, తలనొప్పి తోడైతే గుర్రపువాతం (రక్తపోటు పెరిగి గర్భిణికి వచ్చే మూర్ఛ) ముప్పును ముందే పసిగట్టవచ్చు. సుగ్గిలో గడిపిన మూడు నెలల గడులు ఖాళీగా ఉంటే ఆ మార్పు ఎప్పుడు మొదలైందో ఏ డాక్టరూ చెప్పలేరు. హిమోగ్లోబిన్ 7 గ్రాముల కన్నా తగ్గిందని తొమ్మిదో నెలలో తెలిస్తే మాత్రలతో కోలుకునే వ్యవధి ఉండదు, రక్తం ఎక్కించాల్సి వస్తుంది.

దీన్ని అవగాహన లోపమని కొట్టిపారేయడం అన్యాయం. పరీక్షకు వెళితే ఆ రోజు కూలి పోతుంది. మూడో నెల దాటేదాకా కడుపు సంగతి బయటపెట్టకూడదన్న పట్టింపు అత్తగారింట్లో ఉంటుంది, సరిగ్గా మొదటి పరీక్ష జరగాల్సిన సమయం అదే. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లినప్పుడూ ఊరు మారుతుంది, పర్యవేక్షించే కార్యకర్త మారుతుంది. ప్రతి నెలా 9న జరిగే ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ పరీక్షలకు ఏ ఊరి గర్భిణి అయినా వెళ్లవచ్చు. కానీ చేను పక్కన గుడారంలో ఉన్న పరాయి ఊరి మనిషికి ఆ కబురు చెప్పేవారు ఎవరు?

సుగ్గి ఏ నెలలో మొదలవుతుందో, ఏ ఊరివారు ఎటు పోతారో ఇక్కడి అధికారులకు తెలియనిది కాదు. బయలుదేరే ముందే గర్భిణుల జాబితా తీసి, రెండు మూడు నెలలకు సరిపడా ఐరన్, కాల్షియం మాత్రలు చేతికిచ్చి, వారు చేరే మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ పేర్లు పంపాలి. మిరప చేల దగ్గరి గుడారాలను అక్కడి ఏఎన్ఎం తన పరిధిలోని వీధిగానే లెక్కించి, నెలకోసారి రక్తపోటు మిషన్‌తో వెళ్లాలి.