తల్లి ఏదైనా ఒకటేనట!

‘రేసు గుర్రాన్ని గుర్తుపట్టే ఐదు రహస్యాలు’ అనే మెసేజ్ ఈ వారంలో నాకు నాలుగోసారి వచ్చింది. మూడుసార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నిన్న ఒక మిత్రుడు ‘సల్కీ అనే రెండు చక్రాల రేసు బండి లాగే స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాల గురించి ఇంత బాగా ఎవరూ చెప్పలేదు’ అని కింద రాసి మరీ పంపాడు. ఇక నావల్ల కాలేదు.

నాలుగు కాళ్లూ తెల్లగా ఉంటే గిట్టలు మెత్తనట. ఈ లెక్కన నాడాలు కొట్టేవాళ్లు సుత్తి పక్కన పడేసి రంగుల చార్టు పట్టుకోవాలి. తర్వాత.

వెనక భాగం మూపు కంటే ఎత్తుగా ఉంటే కొనొద్దట. ఈ జాతి మూలపురుషుడు, 1849లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన హాంబిల్టోనియన్, వెనక దాదాపు రెండంగుళాలు ఎత్తు. దానికి పుట్టిన పిల్లలు 1,300 పైచిలుకు. కొనకండి, మీ ఇష్టం.

కాళ్లకు హాబుల్స్ అనే పట్టీలు కడితే ఏ గుర్రమైనా పేసర్, అంటే ఒకే పక్క కాళ్లు రెండూ కలిపి వేస్తూ పరిగెత్తేది, అయిపోతుందట. ఉన్న నడక చెడిపోకుండా పట్టుకోవడమే ఆ పట్టీల పని, లేని నడకను పుట్టించడం కాదు. వేగం పెరిగినా దౌడులోకి జారకుండా ఉండటంలో డీఎంఆర్‌టీ3 అనే జన్యువులోని ఒక మార్పుకు పెద్ద పాత్ర ఉందని 2012లోనే తేలింది. జన్యువును పట్టీతో కట్టలేం కదా.

అసలు కోపం నాలుగోదాని మీద. ‘తండ్రి పేరున్నదైతే చాలు, తల్లి ఏదైనా ఒకటే. పరిగెత్తలేని ఆడ గుర్రాన్ని పిల్లల కోసం పెట్టుకోండి.’ రుజువు? మళ్లీ హాంబిల్టోనియనే. దాని తల్లి కుంటిది, పిల్లతో కలిపి 125 డాలర్లకు అమ్ముడుపోయింది. నిజమే. మరి ఆ కుంటి తల్లి ఎవరి కూతురో రాయలేదేం? తండ్రి బెల్‌ఫౌండర్, ఇంగ్లండు నుంచి వచ్చిన ట్రాటర్, అంటే ఎదురు మూలల కాళ్లు జతగా వేస్తూ పరిగెత్తేది. తల్లి వైపు చూస్తే 1788లో అమెరికా చేరిన మెసెంజర్ అనే మగ గుర్రం రక్తం. ఇటు హాంబిల్టోనియన్ తండ్రి అబ్దల్లా కూడా మెసెంజర్ మనవడే. రెండు వైపులా ఒకే రక్తం కలిసిన చోటికి వచ్చి ‘తల్లి ఏదైనా ఒకటే’ అంటారా!

దెబ్బ తగిలి కుంటితే ఆ కుంటు పిల్లకు రాదు. కాలి నిర్మాణమే తప్పై కుంటితే రావచ్చు. అలా కాలి నిర్మాణం తప్పిన గుర్రాన్ని పక్క నుంచి చూడండి. వెనక కాలు మధ్యలోని పెద్ద కీలు దగ్గర కొడవలిలా వంగి పాదం పొట్ట కిందికి వచ్చేస్తుంది. కీలు వెనక వేలితో పైనుంచి కిందికి రాస్తే గీత గీసినట్టు సాఫీగా ఉండాలి. మధ్యలో బొడిపె తగిలితే అదే కర్బ్ అనే వాపు. అలాంటిదాన్ని ఈనడానికి పెట్టుకుంటే పదకొండు నెలలు మోసి అదే కాలును పిల్లకు అందించవచ్చు. మెసేజ్ రాసినాయనకు పోయేదేముంది? రెండేళ్లకే శిక్షణలో కుంటేది ఆ పిల్ల.

ఇక ఐదోది, వంకర కాళ్లున్న గుర్రం వద్దన్నది. దీనికి జవాబుగా డాన్ ప్యాచ్ అనే పేరుమోసిన పేసర్‌ను తోలుదామనుకున్నాను. 1896లో వంకర వెనక కాలితో పుట్టింది. పరుగులో ఆ కాలు చక్రానికి తగులుతోందని బండినే వెడల్పు చేయించారు. అదే గుర్రం 1906లో మైలును నిమిషం 55 సెకన్లలో కొట్టేసింది. కానీ డాన్ ప్యాచ్ పేరు చెప్పి వంకర కాళ్లు అంటగట్టేవాళ్లకు కొదవ లేదు. గిట్ట బయటికి తిరిగిన ముందుకాలు ప్రతి అడుగుకూ లోపలికి చుట్టు తిరిగి అవతలి కాలికి కొట్టుకుంటుంది. ఒప్పుకుంటున్నాను, ఈ ఒక్కటీ సరిగ్గానే రాశారు. పై నాలుగూ చెరిపేసి పంపండి, నేనే ఫార్వర్డ్ చేస్తాను.