ఆర్‌ఎంపీకి పాఠం చెప్పించడానికి అడ్డేమిటి?

అర్ధరాత్రి ఊళ్లో ఎవరికైనా గుండెల్లో నొప్పి వస్తే ముందు కబురు వెళ్లేది ఆర్‌ఎంపీకే. 108 వచ్చేదాకా రోగి ఆయన చేతుల్లోనే ఉంటాడు. గ్యాస్ నొప్పంటూ సూది వేసి పడుకోబెడతాడా, ఆస్పిరిన్ ఇచ్చి పెద్దాసుపత్రికి పంపిస్తాడా అన్నది ఆయనకు ఏం తెలుసన్న దాని మీదే ఉంటుంది. ఆ మాత్రం నేర్పించే ఖర్చు ప్రభుత్వమే పెట్టుకోవాలి.

వైఎస్ హయాంలో ఈ శిక్షణ మొదలై మధ్యలో ఆగింది. తెలంగాణలో ఈ శిక్షణకు సంబంధించిన 428 జీవో అమలు చేయమని ఆర్‌ఎంపీల సంఘాలు ఇప్పటికీ అడుగుతున్నాయి. సర్టిఫికెట్ ఇస్తే నకిలీ వైద్యానికి సర్కారు ముద్ర వేసినట్టేనని డాక్టర్ల సంఘం ఐఎంఏ అంటుంది. కొందరు ఆర్‌ఎంపీలు ఎడాపెడా ఇచ్చే స్టెరాయిడ్ల సంగతి తెలిసినవాళ్లెవరూ ఆ భయాన్ని కొట్టిపారేయలేరు. కానీ వీళ్లను మాన్పించి, ఆ ఊరికి వచ్చి ఉండే ఎంబీబీఎస్ ఎవరు?

బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో ఈ వాదనను పరీక్షకే పెట్టారు. 304 మంది ఇలాంటి వైద్యుల్లో లాటరీ పద్ధతిన సగం మందికి తొమ్మిది నెలల పాటు తరగతులు నడిపారు. తర్వాత గుండెనొప్పి, ఉబ్బసం, పిల్లల విరేచనాలు అంటూ నటించే రోగులను పంపి చూశారు. 2016లో ఫలితాలు వచ్చాయి. శిక్షణ పొందినవాళ్ల దగ్గర సరైన వైద్యం 7.9 శాతం పాయింట్లు పెరిగింది. అనవసరపు మందులు, యాంటీబయోటిక్‌లు మాత్రం తగ్గలేదు. ఈ రెండో సంగతి చూపించి శిక్షణే దండగ అనడం నాకు మింగుడుపడదు. మందులమ్మితేనే ఇల్లు గడిచే మనిషి పాఠం విన్నంత మాత్రాన అమ్మడం మానడు. అందుకే శిక్షణతో పాటు తనిఖీలకూ డబ్బు కేటాయించాలి. ఏ మందులు ముట్టకూడదో రాసివ్వాలి, దాటితే సర్టిఫికెట్ రద్దు చేయాలి.

అసలు మన పాలకులకు జబ్బు ముదిరాక పెట్టే ఖర్చంటేనే మోజు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది మొదలు ఏ పార్టీ గెలిచినా కార్పొరేట్ ఆసుపత్రుల బిల్లుల పరిమితి పెంచడంలోనే పోటీ. కార్డు మీద ముఖ్యమంత్రి ఫొటో ఉంటుంది. ఊళ్లో ఒకడు బీపీ సరిగ్గా చూడటం నేర్చుకుంటే ఫొటో ఎక్కడ వేసుకుంటారు? బీపీకి మందు పడక పక్షవాతం వచ్చినవాడికి కార్పొరేట్ మంచం ఇప్పించి, దాన్నే సంక్షేమం అంటున్నారు. ఈసారి బడ్జెట్‌లో ఆరోగ్యశ్రీ పద్దు చదివేటప్పుడు, గ్రామీణ వైద్యుల శిక్షణకు ఎంత పెట్టారో పక్కనే చెప్పమని ప్రతిపక్షమైనా అడగాలి.