ఐఎంజీ2పీడీఎఫ్ కమాండు గారికి అమలాపురం జిరాక్సు షాపు నుంచి ఫిర్యాదు

ఫొటోల్ని పీడీఎఫ్‌గా మార్చే కంప్యూటర్ కమాండు మహారాజశ్రీ ఐఎంజీ2పీడీఎఫ్ గారికి,

రిజిస్ట్రారాఫీసు పక్క సందులో జిరాక్సులూ ఆన్‌లైన్ పనులూ చేసుకుని బతికేవాడు రాసుకున్న ఉత్తరం. ఉభయకుశలోపరి. మా వైపు కుశలం మాత్రం తమరి వల్లే కాస్త దెబ్బతింది.

తమరికి పని చెప్పడం తేలికేనండి. తమరి పేరు కొట్టి, ఫొటోల పేర్లిచ్చి, అడ్డగీత పక్కన ఇంగ్లీషు 'o' అక్షరం పెట్టి, పుట్టబోయే పీడీఎఫ్‌కి నామకరణం చేస్తే చాలు. ఎంటర్ మీంచి వేలు తీసేలోపు అయిపోతుంది. గొడవంతా అక్కడే. మొన్న ముమ్మిడివరం నుంచి ఓ పెద్దాయన కొబ్బరితోట పంపకాల దస్తావేజుని ఫోన్లో ఫొటోలు తీసుకొచ్చాడు. "ఆయ్, అప్పుడే అయిపోయిందాండీ?" అన్నాడు. మొహంలో సంతోషం లేదు, అనుమానం. ఈపాటి దానికి డబ్బులెందుకని. పొద్దుటి నుంచి సర్వరు డౌనని నిలబెట్టిన ఆఫీసంటే మాత్రం ఆయనకి ఎక్కడలేని భక్తి. తమరేమో "అయిందండి" అని ఒక్క ముక్క అనరు. నల్లతెర మీద కర్సరు మళ్లీ మిణుకుమంటుంది, అంతే.

పైగా తమరికి నిజాయితీ జబ్బు. జేపెగ్ ఫొటో ఇస్తే ఉన్నదున్నట్టు పీడీఎఫ్‌లో కూర్చోబెడతారు. మళ్లీ కుదించరు, ఒక్క పిక్సెల్ చెడగొట్టరు. ఫొటో 3 ఎంబీ అయితే 12 పేజీల దస్తావేజు 36 ఎంబీ. అప్‌లోడు గడి 500 కేబీ దాటితే మింగదు. ఫొటోలు ముందే చిన్నవి చేసి తెచ్చుకోమంటారు తమరు. ఫొటోలు మార్చే ఇంకో ప్రోగ్రాం ఇమేజ్‌మేజిక్ అయితే మళ్లీ నొక్కి, అక్షరాలు కాస్త అలికినా, సర్దుకుపోయేది. పీడీఎఫ్‌ల కోసం అది ఆధారపడే ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే ప్రోగ్రాంలో 2018లో భద్రతా లోపాలు బయటపడ్డాక, ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టంలో ఇమేజ్‌మేజిక్‌ని పీడీఎఫ్ జోలికి పోవద్దని కట్టేశారు. సర్దుకుపోయేవాళ్లకి ఇవి రోజులు కావు.

కొలతల విషయం చెప్పకపోతే పాపం. ఫొటోలో డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని పిక్సెళ్లో, రాసి లేకపోతే తమరు 96 అనేసుకుంటారు. 4000 పిక్సెళ్ల పొడవున్న ఫొటో 41 అంగుళాలు దాటిన పేజీ అయి కూర్చుంటుంది. సంక్రాంతి ఫ్లెక్సీలా. పేజీసైజు ఏ4 అని విడిగా చెప్తే గానీ దస్తావేజు దస్తావేజులా ఉండదు.

వరస సంగతి ఇంకా ఘోరం. ఫొటోలకి 1, 2, 3 అని పేర్లు పెట్టి, అన్నీ ఒకేసారి ఇవ్వడానికి నక్షత్రం గుర్తు కొడితే 1 తర్వాత 10, 11, 12 వచ్చి, ఆనక 2 వస్తుంది. తాతగారి పేరు చదివి పేజీ తిప్పగానే హద్దులు, సాక్షుల సంతకాలు. ఆస్తి ఎవరికి ఎన్ని సెంట్లన్నది ఆ తర్వాత. అన్నదమ్ములు నా షాపులోనే గొంతులు లేపారు. పేర్లు అక్షరాల వరసలో అందించేది షెల్లట, అంటే మనం కొట్టిన కమాండు అందుకునే ప్రోగ్రామట, తమరి తప్పేం లేదట. 01, 02 అని పెట్టుకోవాలట. ఇది ఆ అన్నదమ్ములకి చెప్పండి చూద్దాం.

నా మనవి ఒక్కటే. గిర్రున తిరిగే చక్రం ఒకటి పెట్టండి. శాతం మెల్లగా ఎక్కాలి, 99 దగ్గర కాసేపు ఆగాలి. అప్పటిదాకా తమరి పని అయిపోయాక కూడా నేనే కీబోర్డు టకటకలాడించి, "నెట్ స్లోగా ఉందండీ" అని నిట్టూర్చి, పేజీకి పది రూపాయలు పుచ్చుకుంటాను. ఈ పనికి నెట్టే అక్కర్లేదన్న సంగతి ఎవరితోనూ అనకండి. ఎలాగూ తమరు నోరు విప్పరు కదా.

ఇట్లు,
జిరాక్సు షాపు వాడు