యువతను అడగకుండా వికసింపజేయడం ఎలా?

యువజన వికాసం కోసం నడిచే సామాజిక ఆరోగ్య కార్యక్రమాల విషయంలో ఈ మధ్య ఒక ప్రమాదకరమైన వాదన తలెత్తింది. అవి ఎలా ఉండాలో యువతనే అడగాలట. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. అలాంటిది, ఎవరూ అడగకపోయినా, ఎవరినీ అడగకుండానే ఇన్నేళ్ళుగా వడ్డిస్తూ వచ్చిన కమిటీల ఔదార్యానికి దక్కవలసిన గుర్తింపు ఇదేనా?

నిజానికి ఈ వాదన కొత్తదేమీ కాదు. తమకు సంబంధించిన విషయాల్లో పిల్లల అభిప్రాయానికి తగిన విలువ ఇవ్వాలని 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 12వ అధికరణంలోనే ఉంది. 1992లో రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు యూనిసెఫ్ ప్రచురణ ఒకదానిలో పిల్లల భాగస్వామ్యం ఏ స్థాయిలో ఉందో చూపే ఎనిమిది మెట్ల నిచ్చెన గీసి, పిల్లలను పెద్దల అవసరానికి ఆడించడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు మాత్రం కూర్చోబెట్టడం అనే మూడింటినీ అట్టడుగున పెట్టి, ఇవి భాగస్వామ్యమే కాదని తేల్చేశాడు. ఎత్తుకు ఎక్కితే పడిపోయే ప్రమాదం ఉందని ఎరిగిన పెద్దలు మాత్రం నాటి నుంచీ ఆ మూడు మెట్ల మీదే భద్రంగా కొలువుదీరి ఉన్నారు.

కౌమారుల కోసం తెరిచే సలహా కేంద్రాన్నే తీసుకోండి. చదువుకు ఆటంకం కలగరాదన్న దూరదృష్టితో దాన్ని సరిగ్గా బడి జరిగే వేళల్లోనే తెరిచి, బడి వదిలే వేళకు మూసేస్తారు. 'ఇచ్చట రహస్యంగా సలహాలు ఇవ్వబడును' అన్న బోర్డు వీధి చివరి నుంచి కూడా చదవగలిగినంత పెద్దది. ఎలాగో వీలు చూసుకుని వచ్చిన కుర్రవాడిని రిజిస్టరు ముందున్న ఉద్యోగి, "ఏం బాబూ, నీ సమస్యేమిటి?" అని హాలంతా వినబడేలా అడుగుతాడు. బెంచీ మీద వాళ్ళమ్మ స్నేహితురాళ్ళు ఇద్దరు తల తిప్పి చూస్తారు. కుర్రవాడు "తలనొప్పండీ" అంటాడు. 10 నుంచి 19 ఏళ్ళ వారిలో ప్రతి ఏడుగురిలో ఒకరికి మానసిక రుగ్మత ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మన రిజిస్టరులో మాత్రం అన్నీ తలనొప్పులే. కనుక మరుసటి నెల కంటి పరీక్షల శిబిరం పెడతారు. గణాంకాల ఆధారంగా ప్రణాళిక వేయడం లేదని ఇక ఎవరనగలరు?

యువతను సమస్యల మూటగా చూడకుండా, వారిలో ఉన్న శక్తులకు, వారికి ఉన్న అనుబంధాలకు ఊతమివ్వడమే సానుకూల వికాసమని నిపుణులంటారు. ఐస్‌లాండ్ వారు ఈ మాటను మరీ మనసుకు పట్టించుకున్నారు. పిల్లల స్థితిగతులపై తరచూ వాళ్ళనే ప్రశ్నించి సర్వేలు చేశారు, ఆటలకూ కళలకూ డబ్బిచ్చారు, తల్లిదండ్రులను కలుపుకున్నారు. ఫలితంగా, గడిచిన నెల రోజుల్లో తప్పతాగిన 15-16 ఏళ్ళ విద్యార్థులు 1998లో 42 శాతం ఉండగా, 2016 నాటికి 5 శాతమే మిగిలారు. ఇంతటి నష్టాన్ని ఏ కమిటీ తట్టుకోగలదు? 'పెడదారి పడుతున్న యువత' అన్న అంశమే కరవైతే ముఖ్య అతిథి గంటసేపు దేని మీద మాట్లాడాలి?

అయినా కాలానుగుణంగా మారడానికి పెద్దలు సిద్ధమే. ఇకపై కమిటీలో ఒక యువ ప్రతినిధిని తీసుకోవడానికి సూత్రప్రాయంగా అంగీకరించారు. అతనికి యువజన రంగంలో కనీసం పదిహేనేళ్ళ అనుభవం ఉండాలి; ముందుగా రాసి ఇచ్చిన ప్రసంగాన్ని తడబడకుండా చదవాలి; ఫొటోలో ముందు వరుసలో నవ్వుతూ నిలబడాలి. ఓటు హక్కు సంగతి అతను పెద్దవాడయ్యాక పరిశీలిస్తారు.