పట్టుకెళ్ళిన గిన్నె: కెల్లీ కప్పు గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ కెల్లీ కప్పు గారికి,

టెక్సస్‌లోని ఆలెన్ ఊరి నుంచి ఒక చివరి వరస ప్రేక్షకుడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. మీ విషయంలో ‘అక్కడ’ అంటే ఎక్కడ అన్నదే ఒకప్పుడు పెద్ద తగాదా అయింది కదా. ఏ అడ్రసుకి పంపాలో తేలక, ఇలా అందరి ముందూ విప్పి చదివేస్తున్నాను.

మీరెవరో ముందు మావాళ్ళకి చెప్పాలి. మాకు తెలిసినవి టీ కప్పు, ఇంటి కప్పు, క్రికెట్ కప్పు. మీరు ఈ మూడూ కాదు. అమెరికాలో ఐస్ హాకీకి ఎన్‌హెచ్ఎల్ అని పెద్ద లీగు ఉంది. దాని కింద ఏహెచ్ఎల్. దానికీ కింద, మూడో మెట్టు మీద, ఈసీహెచ్ఎల్. అందులో ఒక్కో జట్టు దసరా, దీపావళి రోజుల్లో మొదలుపెట్టి ఉగాది దాటేదాకా 72 మ్యాచ్‌లు ఆడుతుంది. అప్పటికీ ఓపిక మిగిలినవాళ్ళు జూన్ దాకా ప్లేఆఫ్‌ల్లో కొట్టుకుంటారు. ఇంతా చేస్తే గెలిచిన జట్టు చేతికొచ్చే ట్రోఫీ మీరు.

మీ లీగు పేరంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. 1988లో ఐదు జట్లతో పుట్టినప్పుడు అది ఈస్ట్ కోస్ట్ హాకీ లీగ్. తూర్పు తీరం, సరే, అర్థముంది. 2003లో పడమటి తీరం లీగు జట్లు కూడా వచ్చి కలిశాయి. అప్పుడు పేరు మార్చాలి కదా? మార్చలేదు. నాలుగక్షరాలూ ఉంచుకుని వాటి అర్థం తీసేశారు. ఇప్పుడు ఆ అక్షరాలు దేనికీ పొట్టిపేరు కావు. నాకు ఇందులో తప్పేమీ కనపడలేదు లెండి. మా ఇంటిపేరులో ఉన్న ఊరు ఎక్కడుందో మా నాన్నకీ తెలియదు. అయినా సంతకంలో వదిలామా?

నేను 2017లో ఆలెన్ వచ్చాను. మీరు 2015లోనూ 2016లోనూ వరసగా మా ఊరి జట్టు ఆలెన్ అమెరికన్స్ ఇంట్లోనే ఉన్నారట. అంతకు ముందు రెండేళ్ళు వేరే లీగులో వేరే కప్పు కూడా వాళ్ళదేనట. అంటే నాలుగేళ్ళు వరసగా పెళ్ళి భోజనాలు జరిగిన ఇంటికి, ఆకులు ఎత్తేశాక చేరుకున్నాను నేను.

అప్పుడు నా బతుకు కన్సల్టెన్సీవాళ్ళ గెస్ట్ హౌస్‌లో. ఐదుగురం, ఒక రైస్ కుక్కర్, అందరం బెంచ్ మీద. ప్రాజెక్ట్ దొరికేదాకా అదే హోదా. ఎవరో వెళ్ళలేక ఇచ్చేసిన టికెట్లు పట్టుకుని, బయట చొక్కా తడిసే ఎండలోంచి లోపల మంచు దగ్గరికి వెళ్ళాం. అద్దాల వెనక బెంచీ మీద వరసగా కూర్చున్న కుర్రాళ్ళని చూడగానే ప్రాణం లేచొచ్చింది. మావాళ్ళే! వాళ్ళకీ ఉండడానికి ఇల్లు జట్టే చూపిస్తుందట. జీతం వారం లెక్కన, అదీ సీజన్ ఉన్నన్నాళ్ళే. పైనుంచి ఫోనొస్తే పెట్టె సర్దుకుని పోవాలి. రాకపోతే ఇక్కడే. తేడా ఒక్కటే. వాళ్ళు ఆ బెంచీ మీద రెండు మూడు నిమిషాలు కూర్చుంటారో లేదో మళ్ళీ దిగుతారు. మేం నాలుగు నెలలు కూర్చున్నాం.

ఆ ఫోను సంగతి మీకు చెప్పక్కర్లేదు, మీ లీగు నడిచేదే దాని మీద. పై జట్టులో ఎవడికో మోకాలు బెణుకుతుంది, మా జట్టులో ఒకడు మాయమవుతాడు. ఒక కుర్రాడి ఆట నచ్చి, వాడి పేరున్న జెర్సీ కొన్నాను. శనివారం కొన్నాను. మంగళవారం వాడు లేడు. నా వీపు మీద మాత్రం సీజనంతా ఉన్నాడు. ఇప్పుడు తెలివొచ్చింది, కొత్తగా కొనేవాళ్ళకి సొంత పేరు వేయించుకోమని చెబుతున్నాను. మనమైతే ఎక్కడికీ పోం కదా.

పైకి వెళ్ళినవాళ్ళని లీగు మాత్రం మర్చిపోదు. జొనాథన్ క్విక్ 2007-08లో రెడింగ్ రాయల్స్ అనే మీ లీగు జట్టుకి గోలీ, అంటే గోల్‌కీపర్. 2012లో లాస్ ఏంజలెస్ కింగ్స్ జట్టు తరఫున ఎన్‌హెచ్ఎల్ వాళ్ళ స్టాన్లీ కప్పు గెలిచి, ఆ ప్లేఆఫ్‌లన్నిటికీ ఉత్తమ ఆటగాడనిపించుకున్నాడు. ఇలాంటి పేర్లు చూసినప్పుడల్లా నాకు అమీర్‌పేట గోడల మీద ప్లేస్‌మెంట్ ఫొటోలే గుర్తొస్తాయి. పోయినవాళ్ళే మా గొప్ప.

మరి పోకుండా ఉండిపోయినవాడి సంగతి? వాడికి మీ లీగు పెట్టిన రూలు చూసి నేను నిజంగా ముచ్చటపడ్డాను. ప్రొఫెషనల్‌గా 260 మ్యాచ్‌లు ఆడేసినవాణ్ణి ‘వెటరన్’ అంటారు, జట్టుకి అలాంటివాళ్ళు నలుగురికి మించకూడదు. ఒక్క గోలీలకే మినహాయింపు. మా ఫీల్డులో రెండేళ్ళ అనుభవాన్ని రెజ్యూమెలో ఎనిమిదేళ్ళు చేసి అమ్ముతారు. మీ దగ్గర నిజంగా ఆడిన మ్యాచ్‌లే మెడకి చుట్టుకుంటాయి. రెండు పద్ధతుల్లోనూ చివరికి అడిగే ప్రశ్న ఒకటే: ఇంకా ఎన్నాళ్ళు ఇక్కడే ఉంటావు?

బస్సుల గురించి రాయనులెండి. శుక్ర, శని, ఆది వరసగా మూడు మ్యాచ్‌లు పడే వారాలుంటాయి, మధ్యలో పడక బస్సు. ఆలెన్ నుంచి, ఇంకో జట్టున్న సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీ దాదాపు వెయ్యి మైళ్ళు. హైదరాబాదు నుంచి విజయవాడకి స్లీపర్‌లో వెళ్ళి నడుం పట్టుకున్నవాళ్ళెవరూ ఆ కుర్రాళ్ళ ముందు నోరెత్తకూడదు.

ఒక చలికాలం అమ్మ తెనాలి నుంచి వచ్చింది. విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిని గుడికీ మాల్‌కీ తిప్పడం అయిపోయాక మిగిలింది హాకీయే. మంకీ క్యాపు, శాలువా, రెండు స్వెట్టర్లు వేయించి తీసుకెళ్ళాను. కూర్చోగానే, “ఏసీ తగ్గించమని చెప్పరా” అంది. తగ్గిస్తే ఆట కరిగిపోతుందని చెప్పాను. మొదటి పీరియడ్ ఇరవై నిమిషాలూ ఆవిడ అడిగింది ఒక్కటే: “ఆ బిళ్ళ ఏదిరా?” నాకూ కనపడదని ఒప్పుకోలేక, “అదిగో” అంటూ అందరూ చూస్తున్న వైపు చెయ్యి చూపిస్తూ కూర్చున్నాను. మూడంగుళాల రబ్బరు బిళ్ళ అది, ఎగిరిపడకుండా ఉండాలని ముందే గడ్డకట్టిస్తారు. దాన్ని చూసే శక్తి కెనడాలో పుట్టినవాళ్ళకే ఉంటుందని నా నమ్మకం.

రెండో పీరియడ్‌లో ఇద్దరు గ్లవ్స్ కింద పడేసి కలబడ్డారు. చారల చొక్కాల రిఫరీలు పక్కన నిలబడి చూస్తున్నారు.

“ఒరేయ్, వాళ్ళు విడదీయరేంట్రా?”

“ఒకడు కింద పడ్డాకో, అలిసిపోయాకో విడదీస్తారమ్మా.”

“తరవాత పోలీసులొస్తారా?”

“ఐదు నిమిషాలు గదిలో కూర్చోబెడతారు.”

అమ్మ కాసేపు ఆలోచించి, “మీ చిన్నాన్నకీ మీ నాన్నకీ పొలం గొడవప్పుడు ఈ పద్ధతి ఉంటే బాగుండేది” అంది.

ఆవిడకి నిజంగా నచ్చింది మాత్రం విరామంలో వచ్చిన జాంబోనీ బండి. అంత పెద్ద బండి మూల మూలకీ తిరిగి, గీతలు పడ్డ మంచుని గీకి, మీద నీళ్ళు పట్టించి, నున్నగా చేసి పోయింది. “సంక్రాంతికి ఇల్లు అలికినట్టు ఎంత బాగా అలికాడ్రా!” అని ఒక్కతే చప్పట్లు కొట్టింది. ముందు వరసలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి, ఆటంటే ఏమిటో తెలిసిన మనిషి దొరికిందన్నట్టు ఆవిడకి తలవంచి నమస్కారం పెట్టాడు.

ఇంటికొస్తూ, హైవే 75 మీద కారులో, మీ కథ చెప్పాను. 2017, 2018 రెండేళ్ళూ మిమ్మల్ని గెలుచుకుంది కొలరాడో ఈగల్స్. రెండోసారి గెలవగానే ఆ జట్టుకి ప్రమోషన్ వచ్చింది, పై లీగు ఏహెచ్ఎల్‌కి వెళ్ళిపోయింది. మీరూ వాళ్ళ దగ్గరే ఉండిపోయారు. 2019లో కొత్త విజేత తేలే సమయానికి మీ లీగు కమిషనర్ రయన్ క్రెలిన్ పైకి చెప్పక తప్పలేదు: పాత కప్పు తిరిగి రాలేదు, కొత్తది చేయించాం అని. ఈగల్స్ వాదన ఇంకొకటి. మేం ఎప్పుడో తీసి పక్కన పెట్టాం, వాళ్ళే వచ్చి పట్టుకెళ్ళలేదు అని.

నేను ఇది అమెరికా వింత అనుకుని చెప్పాను. అమ్మకి వింతగా అనిపించలేదు.

“మన పక్కింటి సుబ్బాయమ్మగారు ఇడ్లీ పాత్ర పట్టుకెళ్ళలేదూ? అంతే. అడుగుదామంటే మనకి మొహమాటం. పంపుదామంటే వాళ్ళకి బద్ధకం. ఎదురుపడితే ‘మీదేగా వదినా, ఎప్పుడైనా వచ్చి తీసుకెళ్ళు’ అనేది. ఆఖరికి మీ నాన్నగారు కొత్తది కొనుక్కొచ్చారు.”

ఒక్క నిమిషం ఆగి, “అయినా దాని మీద పేరు కొట్టించలేదా?” అంది.

“హాకీలో కప్పుల మీద గెలిచినవాళ్ళ పేర్లు చెక్కుతారమ్మా.”

“పట్టుకెళ్ళేవాళ్ళ పేరు కొట్టిస్తారుట్రా ఎక్కడైనా? ఇచ్చినవాళ్ళది కొట్టించాలి గానీ!”

కెల్లీ కప్పు గారూ, ఇన్ని ఆఫీసులు, ఇంతమంది లాయర్లు ఉన్న దేశంలో ఈ ముక్క ఎవరికీ తట్టలేదు. 1996 దాకా రైలీ కప్పు అన్నారు, ఆ తరవాత మొదటి కమిషనర్ పాట్రిక్ కెల్లీ గారి పేరు పెట్టారు. పేరు మార్చే ఖర్చులో అడుగున ‘ఈసీహెచ్ఎల్ వారిది’ అని ఒక ముక్క కొట్టించుకుంటే పోయేది.

కొత్త అవతారంలో మీరు మొదట కాలు పెట్టింది న్యూఫౌండ్‌ల్యాండ్ గ్రౌలర్స్ ఇంట్లో. ఆ జట్టుకి అదే మొదటి సీజన్. పుడుతూనే కప్పు! ఐదేళ్ళు తిరక్కుండానే, 2024 ఏప్రిల్ 2న, సీజన్ ఇంకా పూర్తి కాకముందే, లీగు ఆ జట్టునే రద్దు చేసింది. మీ వేళావిశేషం అననులెండి, జట్టు తన బాధ్యతలు నెరవేర్చలేదని లీగు చెప్పింది. కానీ ఒక ఊరివాళ్ళకి ఉన్నట్టుండి చూడ్డానికి జట్టే లేకపోవడం అంటే ఎలా ఉంటుందో, ప్రాజెక్ట్ రద్దయిందని ఈమెయిల్ అందుకున్నవాళ్ళని అడగండి.

2020లో కోవిడ్ వల్ల మీరు ఎవరింటికీ వెళ్ళలేదు. అందరికీ ఆ ఏడు అంతే. ఆ తరవాత 2022, 2023, 2024 మూడేళ్ళూ ఫ్లోరిడా ఎవర్‌బ్లేడ్స్ ఇంట్లో తిష్ఠ వేశారు. మంచు అంటే జ్యూసులో వేసుకునేది అనుకునే రాష్ట్రంలో!

ఇక ఒహాయోలోని టొలీడో ఊరి సంగతి మీతో తేల్చుకోవాలి. వాలై అన్నది వాళ్ళ ఈరీ సరస్సులో దొరికే చేప. మనవాళ్ళు గోదావరి పులసలని జట్టు పెట్టుకున్నట్టు, టొలీడో వాలై అని పెట్టుకున్నారు. హాలు కిక్కిరిసిపోతుంది. 2019లో మీదాకా వచ్చారు, ఫైనల్లో ఓడారు. 2022లో వచ్చారు, ఓడారు. బెంగళూరు అభిమానులకి కూడా పద్దెనిమిదో సీజన్‌లో, 2025 జూన్‌లో, ఐపీఎల్ కప్పు దొరికింది. అదే జూన్‌లో టొలీడోవాళ్ళు మూడోసారి మీ గుమ్మం తొక్కారు. మీరేమో క్యూబెక్ నుంచి వచ్చిన త్రువా రివియేర్ లయన్స్ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయారు. ఆ చేపల ఊరివాళ్ళు మీకేం అపకారం చేశారండీ?

నాకు ఇప్పుడు ప్రాజెక్ట్ ఉంది, సొంత రైస్ కుక్కర్ ఉంది. వీసా రెండుసార్లు పొడిగించారు. మూడోదాని కోసం చూస్తున్నాను. గెస్ట్ హౌస్‌లో ఉన్న మిగతా నలుగురిలో ముగ్గురు ఇక్కడే మూడు రాష్ట్రాల్లో ఉన్నారు, ఒకడు గుంటూరు వెళ్ళి సెటిలైపోయాడు. అక్టోబరు వస్తే నేను మళ్ళీ ఆ చివరి వరసకే వెళతాను. మంచు మీద అన్నీ కొత్త మొహాలు. జాంబోనీ బండి మాత్రం పాతదే.

మళ్ళీ ఎప్పుడైనా ఆలెన్ వచ్చే పని పడితే మొహమాటపడకండి. ఒక్క వేసవి ఉంచుకుని మేమే పంపేస్తాం, ఎవరూ వచ్చి అడగక్కర్లేదు. అమ్మ అప్పటికి ఇక్కడ ఉంటే ఖాళీగా మాత్రం పంపనివ్వదు. మీరు లోపల ఎంత లోతో తెలియదు గానీ, ఓ పాతిక సున్నుండలు పడతాయా?

ఇట్లు,
పోయినవాడి పేరున్న జెర్సీలో,
చివరి వరస నుంచి మీ విధేయుడు

తా.క.: అడుగున చిన్న అక్షరాలతో ‘తెనాలి’ అని కొట్టిస్తే మీకు అభ్యంతరం లేదు కదా?