సంతకం పెడితే ట్రైనింగ్ అయిపోయినట్టే

రాయగడ నుంచి గుణుపురం దాకా ఫ్యాబ్రికేషన్ షెడ్లలో ఇనుము కోసే పనికి మనిషిని తయారుచేసే పద్ధతి ఒకటుంది. దాన్ని ఇంతవరకూ ఐటీఐల్లో పాఠంగా పెట్టకపోవడం అన్యాయం. పార్వతీపురం వైపు నుంచి వచ్చే బండి దిగిన కుర్రాడు తొమ్మిదింటికి గేటు దాటతాడు. పదింటికి రిజిస్టర్లో సంతకం. పావుగంట ఉపన్యాసం. తర్వాత సమోసా, టీ, గ్రూపు ఫొటో. పదకొండయ్యేసరికి చేతిలో గ్రైండరు, అంటే డిస్కు తిప్పి ఇనుము కోసే మెషీను. ఉపన్యాసం చెప్పేది హిందీలో, తెరమీద కనిపించేది ఇంగ్లీషు, గోడమీద రాసి ఉన్నది ఒడియా, వినేవాళ్ళవి తెలుగూ కువీ. అర్థమైందా అంటే అందరూ ఒక్కసారే తలూపుతారు. ఇంత ఏకాభిప్రాయం పార్లమెంటులో కూడా కుదరదు.

అసలు చదువు మేస్త్రి దగ్గర మొదలవుతుంది. "ఏటలా సూస్తన్నావు? నాను సేసినట్టు సెయ్యి." సిలబస్ మొత్తం ఇంతే.

మొదటి పాఠం గార్డు, అంటే డిస్కుని కప్పే రక్షణ రేకు, విప్పడం. గార్డు ఉన్నంతసేపూ 4 అంగుళాల గ్రైండరుకి 4 అంగుళాల డిస్కే పడుతుంది. విప్పేస్తే ప్రతిభకి హద్దుండదు. స్టోర్లో మిగిలిన 7 అంగుళాల డిస్కు కూడా ఎక్కుతుంది. దాని రంధ్రం 22 మిల్లీమీటర్లు, ఈ మెషీనుకి కావలసింది 16. వాషర్లు ఉన్నది ఎందుకు మరి? ఆ డిస్కు మీద నిమిషానికి 8,500 చుట్లకి మించొద్దని అచ్చేసి ఉంటుంది, మెషీనేమో 11,000 తిరుగుతుంది. గిట్టనివాళ్ళు ఇక్కడ లెక్కలు తీస్తారు. ఈ రకం డిస్కు అంచు వేగం సెకనుకు 80 మీటర్లు దాటకూడదట, ఇలా బిగిస్తే 103 దాటుతుందట. అంటే గంటకు 370 కిలోమీటర్లు. కొరాపుట్ ఘాట్‌లో బండ్లు నడిచే వేగం ఎరిగినవాళ్ళకి ఇది జిల్లా గర్వించదగ్గ విషయం.

డిస్కు మధ్యలో ఇనుప రింగు మీద గడువు తేదీ కూడా ఉంటుంది. తయారైన నాటి నుంచి మూడేళ్ళు. డిస్కులోని గరుకు రేణువుల్ని పట్టి ఉంచే రెజిన్ జిగురు చెమ్మకి బలహీనపడుతుంది కాబట్టి పొడిగా, బల్లపరుపుగా పేర్చి ఉంచాలని పుస్తకం మాట. మన దగ్గర అవి శ్రావణమాసం కురిసే రేకుల కింద, నీళ్ళ డ్రమ్ము పక్కన, మేకుకి వేలాడుతుంటాయి. కొత్త డిస్కు బిగించాక ఎదురుగా నిలబడకుండా పక్కకి జరిగి, ఒక నిమిషం ఉత్తినే తిప్పి చూడాలంటారు. షిఫ్టుకి పది డిస్కులు మారిస్తే పది నిమిషాలు. ఆ పది నిమిషాల్లో ఎన్ని టీలు తాగొచ్చు! పైగా 1 మిల్లీమీటరు మందం ఉన్న కటింగ్ డిస్కు అంచుతో కోయడానికే తప్ప పక్కతో రుద్దడానికి కాదు. కోసిన చోట లేచిన బర్రుని, అంటే గరుకు అంచుని, దానితోనే చదును చేయడం మన మేస్త్రి ముద్ర. డిస్కు చిట్లితే "మాల్ బాలేదు" అంటాడు. డీలరు మారతాడు, చెయ్యి మారదు.

కళ్ళ రక్షణ కోసం 1948 ఫ్యాక్టరీల చట్టంలో 35వ సెక్షన్ పెట్టారు. మన షెడ్లు ఆ సెక్షన్‌ని నెత్తిన పెట్టుకున్నాయి: కళ్ళద్దాలు అందరికీ నుదుటి మీదే ఉంటాయి.

ఇక బ్యాండ్‌సా. పళ్ళున్న బ్లేడు పట్టీలా తిరుగుతూ ఇనుము కోసే, యాజమాన్యం లక్షలు పోసి కొన్న మెషీను. దాన్ని నడపడం ఎంత తేలికంటే, పచ్చ బటన్ నొక్కాలి, అంతే. బ్లేడు ఏదని అడిగేవాణ్ణి మెషీను దగ్గరికి రానివ్వకూడదు. స్టోర్లో ఉన్నదే బ్లేడు. పెద్ద కడ్డీల కోసం తెచ్చిన, అంగుళానికి 4 పళ్ళున్న బ్లేడుతోనే 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న పైపునీ కోయాలి. ఎప్పుడూ కనీసం మూడు పళ్ళు లోహంలో ఉండాలన్నది సూత్రం. అంగుళానికి 4 అంటే పన్నుకీ పన్నుకీ మధ్య 6 మిల్లీమీటర్ల పైచిలుకు ఎడం. ఆ సందులోకి పైపు గోడ సుఖంగా దిగి కూర్చుంటుంది, వెనకాల వచ్చిన పన్ను దాన్ని గుద్ది రాలిపోతుంది. ఒక పన్ను రాలితే దాని బరువు పక్క పన్ను మీద పడుతుంది. అలా వరసగా బోసినోరు అవుతుంది. 10/14 బ్లేడు, అంటే అంగుళానికి 10 నుంచి 14 పళ్ళున్నది, బిగిస్తే ఈ వినోదం ఉండదు.

కొత్త బ్లేడు ఎక్కించిన మొదటి పావుగంట ఫీడు, అంటే బ్లేడు లోహంలోకి దిగే వేగం, సగానికి తగ్గించాలని మరో చాదస్తం. కొత్త పన్ను మొన మరీ పదునుగా ఉంటుందట, మొదట్లోనే ఒత్తితే కంటికి కనపడని పెచ్చులు లేస్తాయట, మెల్లగా అరగనిస్తే ఎక్కువకాలం మన్నుతుందట. బ్లేడు మన్నితే బ్లేడ్లమ్మేవాడి సంసారం ఏం కాను? పాత బ్లేడు సగం కోసి ఆగిన గాట్లోనే కొత్త బ్లేడు దింపడం మరో సేవ. పాతదాని పళ్ళు అరిగి గాటు సన్నబడి ఉంటుంది, కొత్తది అందులో బిగుసుకుపోతుంది. కడ్డీని తిప్పి కొత్త చోట మొదలుపెట్టొచ్చు. కానీ కడ్డీ బరువు.

కోసేటప్పుడు బ్లేడుని చల్లబరిచే కూలెంట్ సంగతి విడిగా చెప్పాలి. నీళ్ళలో నూనె పొయ్యాలి, నూనెలో నీళ్ళు కాదు. తిరగేస్తే సరిగ్గా కలవక ముద్దగా మారుతుంది. 100 లీటర్ల నీళ్ళకి 5 నుంచి 10 లీటర్లు. కొలవడానికి రిఫ్రాక్టోమీటరు ఉంది, మేనేజరుగారి బీరువాలో డబ్బా విప్పకుండా భద్రంగా ఉంది. మనవాళ్ళు రంగు చూసి పోస్తారు: పాలలా ఉంటే చాలు. మట్టం తగ్గితే కుళాయి నీళ్ళు. ఆదివారం పంపు ఆగి ట్యాంకు కదలకుండా ఉంటే సోమవారం పొద్దున్న షెడ్డంతా కుళ్ళిన గుడ్ల వాసన. హాజరు తీసుకోకుండానే ఇది సోమవారమని తెలిసిపోతుంది.

ఎవరైనా కోతలో రాలిన చిప్స్, అంటే ఇనుప తునకలు, చేతిలోకి తీసుకుని చూస్తే వాడి మీద కన్నేసి ఉంచాలి. వదులుగా చుట్టలు తిరిగి వెండిరంగులో ఉంటే కోత సరిగ్గా ఉన్నట్టు, సన్నటి పొడైతే ఫీడు తక్కువైనట్టు, దళసరిగా నీలంగా కాలితే ఒత్తిడి ఎక్కువైనట్టు. ఇది తెలిసినవాడు రేపు మేస్త్రినే ప్రశ్నిస్తాడు.

గ్యాస్ కటింగ్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఎసిటిలీన్ గ్యాసు ఒత్తిడి 15 పీఎస్‌ఐ దాటకూడదు, ఆక్సిజన్ రెగ్యులేటరుకి గ్రీజు అంటకూడదు, నాజిల్‌ని మేకుతో పొడవకూడదు. మూడూ రోజూ జరుగుతాయి.

గిట్టనివాళ్ళ కోరిక ఏమిటంటే: ఇద్దరేసి కుర్రాళ్ళని ఒక మెషీను దగ్గర రెండు రోజులుంచి, వాళ్ళ భాషలో చెప్పి, పనికిరాని ముక్కలమీద కోయించాలట. మూడు రకాల బ్లేడ్లు ముందుపెట్టి ఈ పైపుకి ఏదని అడగాలట. కూలెంట్ వాళ్ళచేతే కలిపించాలట. చివర్న సంతకం బదులు, నేర్చినవాడు ఇంకొకడికి బ్లేడు మార్చి చూపించాలట. రెండు రోజులు! కూలి ఎవడిస్తాడు? ఆ డబ్బు ఇప్పటికే విరిగిన బ్లేడ్లకి కేటాయించేశాం.

అయినా మనం భద్రత పట్టించుకోమనడం అపచారం. మార్చి 4న, జాతీయ భద్రతా దినాన, బ్యాడ్జీలు గుచ్చుకుని ప్రతిజ్ఞ చేస్తాం. సెప్టెంబర్ 17న విశ్వకర్మ పూజకి విప్పిన గార్డులన్నీ స్టోర్లోంచి తీయించి, కిరసనాయిలుతో కడిగించి, పసుపు కుంకుమ పెట్టి మెషీన్ల ముందు వరసగా పేరుస్తాం. 18న ఉదయం స్టోర్ కీపరు లెక్కపెట్టుకుని మళ్ళీ లోపల పెట్టి తాళం వేస్తాడు. ఇప్పటిదాకా ఒక్క గార్డు కూడా అరగలేదు.