ఫ్లాష్ కార్డు వెనుకవైపు తెలుగు ఎందుకు లేదు?

అమీర్‌పేటలో ఒకప్పుడు జావా, ఒరాకిల్ అని రాసి ఉండే బోర్డుల పక్కన ఇప్పుడు జర్మన్ భాషా స్థాయిలైన ఏ1, ఏ2, బీ1 బోర్డులు కనిపిస్తున్నాయి. నర్సింగ్ పూర్తిచేసినవారు, మాస్టర్స్‌కు వెళ్లాలనుకునే ఇంజినీర్లు, జర్మనీలో పని నేర్చుకుంటూనే కొంత జీతం సంపాదించుకోవచ్చని విన్న ఇంటర్ విద్యార్థులు ఆ క్లాసుల్లో కూర్చుంటారు. వారిలో చాలామంది ఫోన్లలో మాటలు గుర్తుపెట్టుకోవడానికి ఒక ఫ్లాష్ కార్డుల యాప్ ఉంటుంది. అందులోని కార్డులు దాదాపుగా ఒకే తీరు: ముందువైపు జర్మన్ మాట, వెనుకవైపు ఇంగ్లిష్ మాట. నేర్చుకునేవారిది తెలుగు, నేర్చుకునేది జర్మన్. మధ్యలో ఇంగ్లిష్ దళారీలా కూర్చుని రెండు వైపులా కమీషన్ తీసుకుంటుంది. ఈ పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం ఉంది కాబట్టే ఆ దళారీ సంగతి తేల్చాలనిపిస్తోంది.

పద్ధతి తెలియనివారి కోసం రెండు ముక్కలు. కార్డు చూసి జవాబు మనసులో చెప్పుకోవాలి, తిప్పి సరిచూసుకోవాలి, ఎంత సులువుగా గుర్తొచ్చిందో నొక్కాలి. గుర్తొచ్చిన కార్డు దూరం జరుగుతుంది, మరిచిపోయిన కార్డు మళ్లీ దగ్గరకొస్తుంది. 1970లలో సైన్స్ పాత్రికేయుడు సెబాస్టియన్ లైట్నర్ అరలున్న అట్టపెట్టెతో చేయించిన ఈ పనిని 1987లో పోలండ్‌కు చెందిన ప్యోతర్ వోజ్‌న్యాక్ కంప్యూటర్‌కు అప్పగించాడు. ఆయన లెక్కలో మొదటి విరామం ఒక రోజు, రెండోది ఆరు రోజులు, ఆపైన ప్రతిసారీ సుమారు రెండున్నర రెట్లు. అంటే 15 రోజులు, తర్వాత 38, తర్వాత మూడు నెలలు. 2006లో వచ్చిన అంకీ అనే ఫ్లాష్ కార్డుల యాప్ ఈ సూత్రాన్ని మార్పులతో వాడుకుంది. ఇప్పుడు అందులో ఇంతకంటే తెలివైన లెక్కలు కూడా ఉన్నాయి.

ఇదంతా పాత బట్టీకి కొత్త చొక్కా అని కొట్టిపారేసే ఉపాధ్యాయులు ఉన్నారు. బట్టీ పట్టేటప్పుడు పుస్తకం తెరిచే ఉంటుంది. కార్డు ముందు కూర్చున్నప్పుడు అది మూసి ఉంటుంది. తేడా అంతా అక్కడే. మన బడుల్లో ఎక్కాలు వల్లెవేయించిన పంతులుగారు మర్నాడు నిలబెట్టి అప్పజెప్పించుకునేవారు కూడా. ఆ రెండో పని విలువను ప్రయోగశాల తర్వాత ఎప్పుడో లెక్కగట్టింది. 2008లో కార్పికీ, రోడిగర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలు, వాటి ఇంగ్లిష్ అర్థాలు ఇచ్చారు. ఒకసారి వచ్చేసిన మాటను కూడా పదేపదే అప్పజెప్పినవారికి వారం తర్వాత 80 శాతం గుర్తున్నాయి. వచ్చేసిన మాటను మళ్లీ చదవడమే తప్ప అప్పజెప్పనివారికి మిగిలింది మూడో వంతు చిల్లర. విచిత్రమేమిటంటే, వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగితే రెండు రకాల వారూ దాదాపు ఒకే అంచనా చెప్పారు. తమకు ఏది పనిచేస్తోందో వారికే తెలియలేదు. పరీక్ష ముందు రాత్రి నోట్సు మీద రంగు పెన్నుతో గీతలు గీసేవారు ఈ సంగతి ఒకసారి ఆలోచించాలి.

అయితే ఇదే శాస్త్రాన్ని అడ్డం పెట్టుకుని ఒక అబద్ధం కూడా చలామణీ అవుతోంది. కోచింగ్ ప్రకటనల్లో నిట్టనిలువుగా పడిపోయే ఒక గీత వేసి, నేర్చుకున్నదాంట్లో మూడింట రెండు వంతులు ఒక్కరోజులో మరిచిపోతారని భయపెడతారు. ఆ గీతకు మూలం 1885లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ ప్రచురించిన ప్రయోగాలు. ఆయన తన మీదే తాను చేసుకున్న ఆ ప్రయోగాల్లో కంఠస్థం చేసినవి అర్థం లేని అక్షరాల ముక్కలు. కొలిచింది కూడా ఎంత గుర్తుందో కాదు, రెండోసారి నేర్చుకోవడానికి ఎంత సమయం ఆదా అయిందో. అర్థమున్న మాట, వాక్యంలో ఇమిడిన మాట, నిన్న క్లాసులో ఎవరో నవ్వించిన మాట అంత వేగంగా జారిపోవు. ఆయన పుస్తకంలో నాకు ఎక్కువ పనికొచ్చినది మరో లెక్క: ఒకేసారి 68 సార్లు చదివితే వచ్చే ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివినా వచ్చింది.

ఇక వెనుకవైపు సంగతి. కార్డులో అర్థం ఎంత ఉంటే మాట అంత నిలుస్తుందనుకుంటే, ఆ అర్థం ఏ భాషలో ఉండాలన్నది చిన్న విషయం కాదు. ‘మియర్ ఇస్ట్ కాల్ట్’ అనే జర్మన్ వాక్యం చూడండి. వెనుకవైపు ‘ఐ యామ్ కోల్డ్’ అన్న ఇంగ్లిష్ చూసి నేర్చుకున్నవారు ‘నేను చల్లగా ఉన్నాను’ అనే అచ్చులో వాక్యం కట్టి, తమ ఒళ్లే చల్లబడిందన్నట్టో తాము మనసులేని మనుషులన్నట్టో చెబుతారు. జర్మన్ పుస్తకాలు దీన్ని ప్రత్యేక హెచ్చరికగా పెడతాయి. తెలుగువారికి ఆ హెచ్చరిక దండగ. మియర్ అంటే నాకు. నాకు చలిగా ఉంది. ‘మియర్ ఇస్ట్ ఊబెల్’ అంటే నాకు వికారంగా ఉంది. ‘దస్ బూఖ్ గెఫెల్ట్ మియర్’ అంటే ఆ పుస్తకం నాకు నచ్చింది. ఇక్కడ పుస్తకమే కర్త, నేను ‘నాకు’ అయ్యాను, అచ్చం మనం చెప్పినట్టే. ‘ఎందుకంటే’ అని అర్థమిచ్చే ‘వైల్’ తర్వాత వచ్చే వాక్యంలో క్రియ చివరికి పోవడం ఇంగ్లిష్ పుస్తకానికి ఒక పాఠం. క్రియను చివర పెట్టడం మనకు ఊపిరి పీల్చినంత మామూలు. రేపు జర్మనీ ఆసుపత్రిలో పనిచేయబోయే నర్సుకు రోగి చెప్పుకునే మాటల్లో చాలా భాగం ఈ ‘నాకు’ వాక్యాలే. వాటిని ఇంగ్లిష్ గుండా తిప్పి నేర్పడం మలక్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లడానికి మియాపూర్ మెట్రో ఎక్కించడం లాంటిది.

ఎదురు వాదన ఉంది. నర్సింగ్, ఇంజినీరింగ్ అంతా ఇంగ్లిష్ మీడియంలోనే చదివారు కదా, ఇంగ్లిష్ వారికి సొంత భాషలాంటిదే కదా అంటారు. సాంకేతిక పదాల విషయంలో ఒప్పుకుంటాను. రోగాల పేర్లకూ మందుల పేర్లకూ తెలుగు వెతకడం వృథా శ్రమ. కానీ చలి, వికారం, విసుగు, ఇష్టం దగ్గర మన నోటికి ముందు వచ్చేది ఏ భాషో ఎవరికి వారు చూసుకోవచ్చు.

తెలుగు దారి అన్నిచోట్లా దగ్గర కాదన్నదీ నిజమే. చెంచాకు పుంలింగం, ఫోర్కుకు స్త్రీలింగం, కత్తికి నపుంసకం అని జర్మన్ తేల్చేసింది: డేర్ లోఫెల్, డీ గాబెల్, దస్ మెస్సర్. వస్తువులన్నిటినీ ‘అది’ అనేసే మనకు ఇందులో ఆసరా దొరకదు. ఇలాంటి చోటే కార్డు తన జీతం సంపాదించుకుంటుంది. లింగం, బహువచనం లేకుండా ఒంటరి నామవాచకాన్ని కార్డు మీద పెట్టకూడదు. పెడితే ఆ మాటను తర్వాత రెండోసారి నేర్చుకోవాల్సిందే.

లోడు లెక్క కూడా చూడాలి. జర్మన్ పరీక్షలు నిర్వహించే గోథె ఇన్‌స్టిట్యూట్ బీ1 స్థాయికి ప్రకటించిన పదపట్టికలో సుమారు 2,400 మాటలున్నాయి. రోజుకు పది చొప్పున ఎనిమిది నెలలు. కోచింగ్ తొందరలో ఉన్నవారు రోజుకు ముప్ఫై పెట్టుకుని 80 రోజుల్లో ముగించాలనుకుంటారు. కానీ కొత్త కార్డులు ఒంటరిగా రావు. కొన్ని వారాలకు వాటికి ఏడెనిమిది రెట్లు పాత కార్డులు రోజూ తలుపు తడతాయి. ముప్ఫై కొత్తవి పెట్టుకున్నవారు రోజుకు రెండు వందలకు పైగా తిప్పాలి. నైట్ డ్యూటీ చేసే నర్సు ఒక్క వారం తప్పితే బాకీ వెయ్యి దాటుతుంది, యాప్ ఫోన్ నుంచి వెళ్లిపోతుంది. ఎనిమిది సార్లు తప్పిన కార్డుకు అంకీ ‘జలగ’ అని పేరు పెడుతుంది. దాన్ని తీసేయడానికి మొహమాటపడకూడదు. ఆ మాట నిజంగా అవసరమైతే క్లాసులోనో కథలోనో మళ్లీ ఎదురుపడుతుంది, అప్పుడు వేరే వాక్యంతో కొత్త కార్డు రాసుకోవచ్చు.

ఇదే నగరంలో ఇదే యాప్ తిరగేసి వాడేవారూ ఉన్నారు. గచ్చిబౌలిలో ఉద్యోగానికి వచ్చి తెలుగు నేర్చుకోవాలనుకునే ఉత్తరాదివారికి దొరికే కార్డుల కట్టల్లో ‘ఇల్లు’ అని ఒక కార్డు ఉంటుంది. కానీ బయట వారికి వినిపించేది ఇంటికి, ఇంట్లో, ఇళ్లు. ‘ఊరు’ నేర్చుకుంటే వినిపించేది ఊళ్లో. హిందీలో ‘హమ్’ ఒక్కటే కాబట్టి మనం, మేము రెండింటికీ ఒకే జవాబు రాసి ఉంటుంది. ‘మేము సినిమాకు వెళ్తున్నాం’ అని స్నేహితులు అంటే తమనూ పిలిచారనుకుని సిద్ధమవుతారు. ఇక్కడా మందు అదే: ఒంటి మాట వద్దు, వాక్యం పెట్టండి, వెనుకవైపు మీ ఇంటి భాష పెట్టండి.

తెలుగు నేర్చుకునేవారికి మాత్రం జర్మన్ విద్యార్థులకు లేని ఒక వసతి ఉంది. కార్డులో చూసిన మాట సాయంత్రానికి ఆర్టీసీ బస్సులోనో కూరగాయల బండి దగ్గరో చెవిన పడుతుంది. బయట తెలుగు వినిపిస్తున్నంత కాలం వారికి రోజుకు అయిదు కార్డులు చాలు. అమీర్‌పేటలో జర్మన్ అలా చెవిన పడదు. అందుకే అక్కడివారు కార్డులనే భాష అనుకుని, రెండు వేల మాటలు తిప్పగలిగీ మౌఖిక పరీక్షలో ఒక వాక్యం దగ్గర ఆగిపోతారు. రోజులో కార్డులకు ఇరవై నిమిషాలు, వినడానికీ మాట్లాడడానికీ అంతకు రెట్టింపు అన్నది నా లెక్క. ఈ లెక్క తిరగబడితే కార్డులే తగ్గించుకోవాలి.

వెనుకవైపు తెలుగు రావాలంటే ఎవరైనా కూర్చుని రాయాలి. విదేశీ ఉద్యోగాల కోసం తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ శిక్షణ ఇప్పిస్తోంది. గోథె పదపట్టిక అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంది. ఇఫ్లూ లాంటి భాషా విశ్వవిద్యాలయం ఈ నగరంలోనే ఉంది. 2,400 మాటలకు 2,400 తెలుగు వాక్యాలు, ఒక జర్మన్ గొంతు రికార్డింగు: పది మంది ఉపాధ్యాయులు కలిస్తే ఒక వేసవి సెలవుల పని. అది జరిగేదాకా విద్యార్థులు కొన్న కట్టలు తీసేసి, క్లాసు నోట్‌బుక్‌లో టీచరు ఎర్ర పెన్నుతో దిద్దిన వాక్యాలతో మొదలుపెట్టవచ్చు. ఒక్కో తప్పుకు ఒక్కో కార్డు, వెనుకవైపు తెలుగులో.